హోల్ లోపల కరెంటే లేదు, మరి ఫీల్డ్ ఎక్కడ్నుంచి వస్తోంది? సిలిండర్ కండక్టర్ లెక్కలో ఆగిపోయాను

పెద్దాపురం_పిల్లోడు | రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. నేను ట్రిపుల్ ఈ సెకండ్ ఇయర్. రెండ్రోజుల నుంచి ఒకే లెక్క దగ్గర ఆగిపోయాను, రూమ్‌లో ఇద్దరు ఫ్రెండ్స్ రెండు ఆన్సర్లు చెప్తున్నారు నాకేమో మూడోది వస్తోంది.

లెక్క ఇదండి. చాలా పొడవైన రాగి సిలిండర్, రేడియస్ 4 సెంటీమీటర్లు. దాని పొడవునా ఒక గుండ్రటి హోల్ ఉంది, హోల్ రేడియస్ 2 సెంటీమీటర్లు. హోల్ సెంటర్ సిలిండర్ సెంటర్ మీద లేదు, 1 సెంటీమీటర్ పక్కకి జరిగి ఉంది. మిగిలిన రాగిలో మొత్తం 60 ఆంపియర్ల డీసీ వెళ్తోంది, అంతటా సమానంగా పరుచుకుని. హోల్ లోపల మాగ్నెటిక్ ఫీల్డ్ ఎంత? బయట, సిలిండర్ సెంటర్ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఎంత?

నేను చేసిందేంటంటే హోల్ లోపల దాని సెంటర్ చుట్టూ ఒక సర్కిల్ గీశాను, ఆ సర్కిల్‌లో కరెంట్ ఏమీ లేదు, ఆంపియర్ లా ప్రకారం కుడివైపు సున్నా, కాబట్టి ఫీల్డ్ సున్నా. కానీ వెనక ఆన్సర్లలో 100 మైక్రోటెస్లా అని ఉంది. ప్రింటింగ్ మిస్టేకా లేక నేను ఏదైనా వదిలేశానా అర్థం కావట్లేదు, ఎవరైనా చెప్పగలరా ప్లీజ్.

రెండోసారి_ఎంసెట్ | రాత్రి 9:20

బ్రో సున్నానే కరెక్ట్. పైపు లోపల ఫీల్డ్ ఉండదు అని మా కోచింగ్‌లో రాయించారు, బయట అయితే మ్యూ నాట్ ఐ బై 2 పై ఆర్ (మ్యూ నాట్ అంటే ఒక స్థిరాంకం, ఐ కరెంట్, ఆర్ దూరం). 60 ఆంపియర్లు, 10 సెంటీమీటర్లు వేస్తే 120 మైక్రోటెస్లా. అంతే.

ఓరుగల్లు_బిడ్డ | రాత్రి 9:41

కాదు తమ్ముడూ, ఇద్దరూ ఒకటే తప్పు చేస్తున్నరు. మొన్న సెమిస్టర్‌ల నేను గూడ ఇదే రాసి మార్కులు పోగొట్టుకున్న అందుకే కొంచెం వివరంగ చెప్త.

ఆంపియర్ లా ఏం చెప్తది? లూప్ చుట్టూ తిరుగుకుంట, నడిచే దిక్కుల ఫీల్డ్ ఎంత ఉందో అడుగడుగునా కూడుకుంట పోతే ఆ మొత్తం లోపలి కరెంట్‌కి మ్యూ నాట్ రెట్లు అయితది అని చెప్తది. అంటే మొత్తం సున్నా అని చెప్పింది గాని ప్రతి చోటా ఫీల్డ్ సున్నా అని ఎక్కడా చెప్పలే. గ్రౌండ్ చుట్టూ సైకిల్ తొక్కుతున్నవ్ అనుకో, గాలి ఒక్క దిక్కు నుంచే కొడుతున్నది. సగం దూరం వెనక నుంచి నెడుతది, సగం దూరం ముఖానికి కొడుతది. ఒక రౌండ్ అయిపోయినంక కూడితే సున్నా. గాలి లేదని అంటవా మరి?

హోల్ సెంటర్‌ల ఉన్న పైపు అయితే లోపల సున్నా, అది నిజమే. ఎందుకంటే అక్కడ ఎటు నుంచి చూసినా ఒక్క తీరుగనే ఉంటది, ఫీల్డ్ ఉంటే లూప్ మొత్తం ఒకే సైజుల, లూప్ వెంబడే తిరగాలె, మరి కూడిక సున్నా కావాలంటే ఫీల్డే సున్నా కావాలె. ఈ లెక్కల హోల్ పక్కకి జరిగింది. ఒక దిక్కు రాగి మందంగ ఉంది, ఇంకో దిక్కు పల్చగ ఉంది. ఆ సమానం పోయింది, ఆ వాదన గూడ పోయింది.

చాక్‌పీసు | రాత్రి 10:05

ఓరుగల్లు అమ్మాయి చాలా చక్కగా చెప్పింది. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఈ ఒక్క పొరపాటు ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను, అందుకే నాకు ఈ ప్రశ్న కనబడితే ఊరుకోలేను.

ఇలా నిలకడగా పోయే కరెంట్‌కి ఆంపియర్ లా ఎప్పుడూ నిజమే. ఎప్పుడూ పనికొస్తుందా అంటే రాదు. ఫీల్డ్ కనుక్కోడానికి అది పనికిరావాలంటే ముందు మనకి సిమెట్రీ నుంచి ఫీల్డ్ ఆకారం తెలిసి ఉండాలి. నిండు సిలిండర్, పొడవైనది, కరెంట్ సమానంగా ఉంటే ఆకారం తెలుసు, అక్షం చుట్టూ వలయాలు. అప్పుడు లోపల దూరంతో పాటు పెరుగుతుంది, మ్యూ నాట్ జె ఆర్ బై 2, బయట దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది, మ్యూ నాట్ ఐ బై 2 పై ఆర్. ఈ రెండే మన దగ్గర ఉన్న పనిముట్లు. ఇక్కడ జె అంటే చదరపు మీటరుకి ఎన్ని ఆంపియర్లు అన్నది, ఐ అంటే మొత్తం కరెంట్.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1820లో ఆయర్‌స్టెడ్ కోపెన్‌హాగెన్‌లో తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం చూశాడు, అదే ఏడాది బయో, సవార్ పారిస్‌లో తీగ నుంచి దూరం పెరిగితే బలం ఎలా తగ్గుతుందో కొలిచి చెప్పారు. మనం ఆంపియర్ లా అని రాసే ఈ లూప్ రూపం ఆంపియర్ రాసింది కాదు, 1850ల్లో మాక్స్‌వెల్ చేతిలో వచ్చింది. ఆంపియర్ చేసిన పని తీగకీ తీగకీ మధ్య బలం గురించి.

సరే, ఇప్పుడు బెజ్జం సంగతి. బెజ్జాన్ని బెజ్జంలా చూడకు బాబూ. సిలిండర్ మొత్తం నిండుగా ఉంది, అంతటా జె ఉంది అనుకో. దాని మీద బెజ్జం ఉన్నచోట చిన్న నిండు సిలిండర్ ఒకటి పెట్టు, అందులో అదే జె వెనక్కి వెళ్తోంది. రెండూ కలిపితే బెజ్జంలో కరెంట్ సున్నా, మిగతా చోట జె. అంటే నీ లెక్కే. ఇప్పుడు రెండు నిండు సిలిండర్లు, రెండింటికీ ఆంపియర్ లా పనిచేస్తుంది. రెండు జవాబులూ కలుపు. చేసి ఎంత వచ్చిందో ఇక్కడ రాయి, నేను చెప్పేస్తే నీకు నిలవదు.

పెద్దాపురం_పిల్లోడు | రాత్రి 10:38

థాంక్యూ మాస్టారూ, థాంక్యూ అక్కా. సైకిల్ ఉదాహరణతో బుర్రకెక్కింది.

చేశానండి. హోల్ సెంటర్ దగ్గర చూస్తే చిన్న సిలిండర్‌కి అదే సెంటర్ కాబట్టి దాని వల్ల సున్నా. పెద్ద సిలిండర్ వల్ల దూరం 1 సెంటీమీటర్. జె అంటే 60 బై 16 పై, చదరపు సెంటీమీటర్లలో. మ్యూ నాట్ జె ఆర్ బై 2 లో వేస్తే 75 మైక్రోటెస్లా వస్తోంది. 100 రావట్లేదు. మళ్లీ మళ్లీ చేశాను, 75నే.

ఓరుగల్లు_బిడ్డ | రాత్రి 10:50

జె తప్పు తీసుకున్నవ్. 60 ఆంపియర్లు పోతున్నది హోల్ పోను మిగిలిన రాగిల. 16 పై లోంచి 4 పై తీసెయ్, 12 పై. జె అంటే 60 బై 12 పై, అంటే 5 బై పై. గిప్పుడు నిండు సిలిండర్‌ల ఎంత పోతది? 5 బై పై ఇంటూ 16 పై, 80 ఆంపియర్లు. వెనక్కి పోయేది 5 బై పై ఇంటూ 4 పై, 20 ఆంపియర్లు. 80 లోంచి 20 తీస్తే నీ 60 నీకొచ్చింది. ఈ చెక్ ప్రతిసారి చెయ్, లేకుంటే పరీక్షల ఇదే దగ్గర పడిపోతరు.

పెద్దాపురం_పిల్లోడు | రాత్రి 11:07

వచ్చేసిందండీ!! చదరపు మీటర్లలోకి మారిస్తే జె అంటే 50,000 బై పై. మ్యూ నాట్ అంటే 4 పై ఇంటూ 10 పవర్ మైనస్ 7. పై, పై కొట్టేసుకుంటాయి. దూరం 0.01. సరిగ్గా 100 మైక్రోటెస్లా.

ఊరికే ఆగకుండా హోల్ అంచుల దగ్గర కూడా చూశాను. పెద్ద సెంటర్ నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర ఉన్న అంచులో పెద్దది 300 ఇస్తోంది, చిన్నది వెనక్కి 200, మిగిలింది 100. అవతలి అంచులో, అంటే సెంటర్‌కి అటువైపు 1 సెంటీమీటర్ దగ్గర, పెద్దది మైనస్ 100, చిన్నది ప్లస్ 200, మళ్లీ 100! మూడు చోట్లా 100నే ఎలా వచ్చిందండి? నేను ఒక్కో చోట ఒక్కోటి వస్తుంది అనుకున్నాను. ఇది నా నంబర్ల వల్ల కుదిరిందా లేక ఎప్పుడూ ఇంతేనా?

చాక్‌పీసు | ఉదయం 6:15

ఎప్పుడూ ఇంతే బాబూ. నువ్వు అడక్కుండానే మూడు చోట్ల చూశావు, అది నాకు చాలా సంతోషం.

నిండు సిలిండర్ లోపల ఫీల్డ్ దూరానికి తగ్గట్టు పెరుగుతుంది, దిశ మాత్రం ఆ దూరపు గీతకి అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉంటుంది. అంటే పెద్ద సెంటర్ నుంచి నీ బిందువుకి ఒక బాణం గీసి, దాన్ని 90 డిగ్రీలు తిప్పి, మ్యూ నాట్ జె బై 2 తో గుణిస్తే పెద్ద సిలిండర్ ఫీల్డ్ వచ్చేస్తుంది. చిన్నదానికీ అంతే, చిన్న సెంటర్ నుంచి బాణం గీసి తిప్పాలి, కాకపోతే మైనస్. ఇప్పుడు మొదటి బాణంలోంచి రెండో బాణం తీసేస్తే ఏం మిగిలింది? పెద్ద సెంటర్ నుంచి చిన్న సెంటర్‌కి పోయే బాణం. నీ బిందువు ఎక్కడున్నా సరే అది కొట్టుకుపోయింది! అందుకే బెజ్జం అంతటా ఒకే ఫీల్డ్, ఒకే దిశ, మ్యూ నాట్ జె డి బై 2, డి అంటే రెండు సెంటర్ల మధ్య దూరం. బెజ్జం సైజు కూడా ఆ ఫార్ములాలో లేదు చూడు. డి సున్నా చేస్తే, అంటే బెజ్జం మధ్యలోకి వస్తే, ఫీల్డ్ సున్నా. మీ కోచింగ్‌లో రాయించిన పైపు ఇదే.

నిన్న ఓరుగల్లు అమ్మాయి చెప్పిన గాలి కూడా ఉత్త పోలిక కాదు. అంతటా ఒకే దిశలో ఒకే బలంతో ఉన్న ఫీల్డ్‌లో ఏ లూప్ గీసినా కూడిక సున్నానే. ఆంపియర్ లా ఎక్కడా దెబ్బతినలేదు.

రెండోసారి_ఎంసెట్ | ఉదయం 7:30

సారీ బ్రో నిన్న తొందరపడి చెప్పేశా. మరి బయట ఫీల్డ్ నా 120 కరెక్టే కదా? లోపల కరెంట్ 60 అయితే లూప్‌లో 60నే కదా.

పెద్దాపురం_పిల్లోడు | ఉదయం 8:02

అక్కడ కూడా అదే సమస్య బ్రో. నిన్న రాత్రి చేశాను. 80 ఆంపియర్లు పెద్ద సెంటర్ నుంచి, వెనక్కి 20 ఆంపియర్లు హోల్ సెంటర్ నుంచి పోతున్నట్టు తీసుకోవాలి. హోల్ జరిగిన వైపు 10 సెంటీమీటర్ల దగ్గర నిలబడితే హోల్ సెంటర్ 9 సెంటీమీటర్లే. అప్పుడు 160 లోంచి 44.4 పోయి 115.6 మైక్రోటెస్లా. అవతలి వైపు హోల్ సెంటర్ 11 సెంటీమీటర్ల దూరం కాబట్టి 160 లోంచి 36.4 పోయి 123.6. నీ 120 రెండింటికీ మధ్యలో ఉంది. రాగి ఎక్కువున్న వైపు ఎక్కువ, తక్కువున్న వైపు తక్కువ, చూడగానే సరిగ్గా ఉందనిపించింది. మాస్టారూ ఒకసారి చూస్తారా.

చాక్‌పీసు | ఉదయం 8:20

సరిపోయింది. సర్కిల్ మొత్తం చుట్టి కూడితే మాత్రం సగటు 120 వస్తుంది, ఎందుకంటే లూప్‌లో ఉన్నది 60 ఆంపియర్లే. ఎక్కడికక్కడ విలువ వేరు, సగటు మాత్రం లా చెప్పినంతే.

పైప్‌బస్ | మధ్యాహ్నం 1:40

నేను సబ్‌స్టేషన్‌లో పనిచేస్తాను, మొత్తం చదివాను, పిల్లలు ఇంత శ్రద్ధగా చేస్తుంటే మనసుకి హాయిగా ఉంది. మాస్టారు చెప్పిన ఆ సగటు మాట ఉంది చూడండి, మేము రోజూ చేత్తో పట్టుకునేది అదే. టాంగ్ టెస్టర్, కొంతమంది క్లాంప్ మీటర్ అంటారు. దవడలు తెరిచి వైరు చుట్టూ వేస్తే ఆంపియర్లు చూపిస్తుంది కదా. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు వైరుని సరిగ్గా మధ్యలో పెట్టాలని తంటాలు పడుతుంటారు. మంచి మీటర్ అయితే వైరు దవడలో ఒక మూలకి ఆనుకున్నా రీడింగ్ దాదాపు అంతే. దగ్గరగా ఉన్నవైపు ఫీల్డ్ ఎక్కువ, దూరంగా ఉన్నవైపు తక్కువ, కానీ ఆ కోర్ చుట్టూ మొత్తం కూడుకుంటుంది కాబట్టి లోపల ఎంత కరెంట్ పోతుందో అంతే చూపిస్తుంది.

ఫేజు, న్యూట్రలు రెండూ కలిపి దవడలో పెడితే సున్నా చూపిస్తుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, మీటర్ సున్నా! అక్కడ ఫీల్డ్ లేక కాదు తమ్ముడూ, రెండు వైర్ల మధ్యలో అయితే రెండూ కలిసి ఇంకా ఎక్కువే ఉంటుంది. కూడిక సున్నా, అంతే. ఇంట్లో పెట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఇదే సూత్రం, పోయింది పోయినట్టు తిరిగి వస్తే రింగులో ఏమీ ఉండదు, ఎక్కడో తడి గోడలోకో మనిషిలోకో కొంచెం లీక్ అయితే ఆ తేడా కనబడి ట్రిప్ అవుతుంది. నీ మొదటి ప్రశ్నకి జవాబు మీ ఇంటి డీబీలోనే, అంటే మెయిన్ స్విచ్‌లుండే బాక్సులోనే ఉంది.

సిలేరు_నీళ్లు | మధ్యాహ్నం 2:25

పైప్‌బస్ గారూ మీ పేరు చూసి అడుగుతున్నా. ఈ లెక్కల్లో కరెంట్ అంతటా సమానంగా పరుచుకుంది అంటారు కానీ ఏసీలో అలా ఉండదు కదండీ, స్కిన్ ఎఫెక్ట్ ఉంటుంది, కరెంట్ పై పొరకి జరుగుతుంది. అప్పుడు బయట ఫీల్డ్ కూడా మారిపోతుంది కాబట్టి ఈ ఫార్ములాలు మన 50 హెర్ట్జ్ లైన్లకి పనికిరావు అనుకుంటున్నా. అసలు ఇవన్నీ పరీక్షల కోసమేనా?

పైప్‌బస్ | మధ్యాహ్నం 3:10

స్కిన్ ఎఫెక్ట్ నిజమే. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్, అంటే కరెంట్ ఎక్కువగా పారే పై పొర మందం, 9.3 మిల్లీమీటర్లు, అల్యూమినియంలో 12 మిల్లీమీటర్ల దగ్గర. ఇంటి వైరింగ్‌లో 2.5 స్క్వేర్ వైరుకి అది లెక్కలోకే రాదు, వైరు మందమే 2 మిల్లీమీటర్లు లేదు. లావు కండక్టర్లలో మాత్రం కరెంట్ బయటి పొరకి జరుగుతుంది. మా యార్డులో బస్ (కరెంట్‌ని లైన్లకి పంచే లావు కండక్టర్) కోసం అల్యూమినియం పైపులు వాడటానికి అదొక కారణం, లోపల మెటల్ పోసినా కరెంట్ పెద్దగా అటు పోదు, పైపు అయితే తేలిక, వంగదు కూడా.

కానీ బయట ఫీల్డ్ మారిపోతుంది అన్నారు చూడండి, అది నేను ఒప్పుకోను. పొరలు పొరలుగా ఎలా పంచుకున్నా, సెంటర్ చుట్టూ అన్ని దిక్కులా ఒకేలా ఉన్నంతవరకు బయట మొత్తం కరెంటే లెక్క. నిండు కడ్డీ అయినా, పైపు అయినా, పైపొరలోనే కరెంట్ ఉన్నా, బయట అదే మ్యూ నాట్ ఐ బై 2 పై ఆర్. మారేది లోపలే.

సిలేరు_నీళ్లు | మధ్యాహ్నం 3:48

మరి పక్కపక్కనే ఉన్న బస్‌బార్లు? ఒకదాని కరెంట్ ఇంకోదాన్ని ఒక పక్కకి నెడుతుంది కదా, మా ప్యానెల్‌లో ఒక అంచే ఎక్కువ వేడెక్కడం నేను కళ్లారా చూశాను.

పైప్‌బస్ | సాయంత్రం 4:05

అది మీరు సరిగ్గా పట్టుకున్నారు. దాన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటాం. అక్కడ సిమెట్రీ పోయింది, కాబట్టి నా మాట అక్కడ చెల్లదు. ముందు నేను అది చెప్పి ఉండాల్సింది. ఇనుము విషయంలో కూడా జాగ్రత్త, జీఐ తీగలో, అంటే జింక్ పూత వేసిన ఇనుప తీగలో, కరెంట్ పోతే తీగ లోపల ఫీల్డ్ ఇనుము వల్ల వందల రెట్లు ఉంటుంది, బయట మాత్రం రాగి తీగ పక్కన ఉన్నంతే.

ఓరుగల్లు_బిడ్డ | సాయంత్రం 5:30

పరీక్షల కోసమేనా అని అడిగిండ్రు గదా, ట్రాన్స్‌మిషన్ లైన్స్ సబ్జెక్ట్‌ల జీఎంఆర్ (జియోమెట్రిక్ మీన్ రేడియస్, ఇండక్టెన్స్ లెక్కల తీగ రేడియస్ బదులు వేసేది) అంటే 0.7788 ఇంటూ రేడియస్ అని బట్టీ పడుతం, అది ఎక్కడ్నుంచి వచ్చిందో తెల్వకనే. అది గీ లెక్కలోంచే వచ్చింది. నిండు తీగ లోపల ఫీల్డ్ సున్నా నుంచి అంచు దాక సీదా గీతలెక్క పెరుగుతది. ఆ లోపలి ఫీల్డ్‌ల ఉన్న శక్తి లెక్కగడితే మీటరుకి మ్యూ నాట్ బై 8 పై ఇండక్టెన్స్ వస్తది, తీగ సన్నగున్నా లావుగున్నా అంతే, 0.05 మైక్రోహెన్రీ. దాన్ని లైన్ ఇండక్టెన్స్ ఫార్ములాల ఉన్న లాగరిథం లోపలికి తోస్తే e పవర్ మైనస్ పావు వస్తది, కాలిక్యులేటర్‌ల కొట్టి చూడుండ్రి, 0.7788. అదే పల్చటి పైపు అయితే లోపల ఫీల్డే లేదు, అందుకే జీఎంఆర్ అంటే రేడియసే. నాకు ఇది తెలిసిన రోజు ఆ సబ్జెక్ట్ మీద ఉన్న భయం పోయింది, నిజంగ.

చాక్‌పీసు | సాయంత్రం 6:45

భలే చెప్పావమ్మా. పైపు మాట వచ్చింది కాబట్టి నేను తరగతిలో ప్రతి ఏడూ చెప్పే ఒక సంగతి రాస్తాను.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లో ఒక కిరోసిన్ రిఫైనరీ మీద పిడుగు పడింది. అక్కడ పిడుగు కోసం పెట్టినది రాగి గొట్టం. పిడుగు పోయాక చూస్తే ఆ గొట్టం నలిగి, లోపలికి ముడుచుకుపోయి ఉంది. ఎవరో సుత్తితో కొట్టినట్టు! సిడ్నీ యూనివర్సిటీలో పొలాక్, బారక్లౌ అనే ఇద్దరు దాన్ని పరిశీలించి 1905లో ఇది కరెంట్ తన ఫీల్డ్ వల్ల తననే నొక్కుకున్న పని అని రాశారు.

లెక్క వేసి చూడండి. గొట్టం రేడియస్ 1 సెంటీమీటర్ అనుకుందాం, పిడుగు కరెంట్ లక్ష ఆంపియర్లు అనుకుందాం. పై తలం మీద ఫీల్డ్ 2 టెస్లా. గొట్టం లోపల సున్నా. బయట 2, లోపల సున్నా, మధ్యలో గోడ. ఆ తేడా గోడని లోపలికి నెడుతుంది, ఎంతంటే బి స్క్వేర్ బై 2 మ్యూ నాట్, చేస్తే 16 లక్షల పాస్కల్స్ దగ్గర, అంటే 16 వాతావరణాల ఒత్తిడి. పైగా రాగి వేడికి మెత్తబడి ఉంటుంది. లోపల సున్నా, బయట 1 బై ఆర్ అని మనం తేలిగ్గా రాసేసే రెండు లైన్లలో రాగి గొట్టాన్ని నలిపేసే బలం ఉంది. అది చెప్పగానే వెనక బెంచీలో పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్లు.

మంచు_దేశం | రాత్రి 8:55

చాలా రోజుల తర్వాత తెలుగులో ఇలాంటి చర్చ చూశాను, చాలా ఆనందంగా ఉంది. నేను యూరప్‌లో మాగ్నెట్ల డిజైన్ పనిలో ఉన్నాను. పెద్దాపురం తమ్ముడికి ఒక మాట చెప్పాలి, నీ హోల్‌లో వచ్చిన ఆ 100 మైక్రోటెస్లా అంతటా ఒకేలా ఉందే, ఆ ఒక్క విషయం మీద నా ఉద్యోగం నడుస్తోంది.

రెండు సమానమైన సిలిండర్లు తీసుకో, ఒకదానిలో కరెంట్ అటు, ఇంకోదానిలో ఇటు, రెండూ కొంచెం ఒకదాని మీద ఒకటి పడేలా జరుపు. కలిసిన చోట కరెంట్ కొట్టుకుపోయి ఖాళీ అవుతుంది, కాయిల్ వేయనక్కర్లేదు. ఆ ఖాళీలో ఫీల్డ్ సమానంగా ఉంటుంది, మాస్టారు చెప్పిన అదే బాణాల లెక్క. మిగిలింది రెండు పక్కలా నెలవంకల్లా రెండు ముక్కలు, పక్కల్లో మందం, పైనా కిందా పల్చన. పార్టికల్ యాక్సిలరేటర్లలో ప్రోటాన్లని వంచే డైపోల్ మాగ్నెట్ల కాయిల్స్ ఈ ఆకారానికి దగ్గరగానే చుడతారు. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన కేంద్రంలో ఉన్న ఎల్‌హెచ్‌సీ అనే పెద్ద యాక్సిలరేటర్‌లో ఇలాంటివి 1232 ఉన్నాయి, ఒక్కోటి సుమారు 15 మీటర్ల పొడవు, 11,850 ఆంపియర్ల దగ్గర 8.33 టెస్లా ఇచ్చేలా డిజైన్ చేశారు. ప్రోటాన్ గొట్టంలో ఏ మూల పోయినా ఒకేలా వంగాలంటే ఫీల్డ్ సమానంగా ఉండాలి కదా. మేము కంప్యూటర్‌లో ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ నడిపినా మొదట కాయితం మీద వేసుకునేది నువ్వు నిన్న రాత్రి వేసిన లెక్కే.

పెద్దాపురం_పిల్లోడు | రాత్రి 9:30

ఇది చదివి పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయానండి. నిజంగా అందరికీ చాలా థాంక్స్.

ఇంకో విషయం చెప్పాలి. ఇవాళ మధ్యాహ్నం ల్యాబ్ ఖాళీగా ఉంటే సార్‌ని అడిగి ఒకటి ట్రై చేశాం. హోల్ ఉన్న కడ్డీ దొరకలేదు, 1 మీటర్ పొడవున్న సన్నటి రాగి కడ్డీ ఉంది. నిలువుగా స్టాండుకి బిగించి, డీసీ సప్లై నుంచి 10 ఆంపియర్లు పంపాం. కడ్డీకి సరిగ్గా ఉత్తరంగా 5 సెంటీమీటర్ల దూరంలో, కడ్డీ సగం ఎత్తులో దిక్సూచి పెట్టాం. లెక్క ప్రకారం 40 మైక్రోటెస్లా, అది తూర్పు పడమర దిక్కులో. భూమి ఫీల్డ్ ఉత్తరం వైపు మన దగ్గర సుమారు 40 మైక్రోటెస్లా. రెండూ సమానం కాబట్టి ముల్లు 45 డిగ్రీలు తిరగాలి. మాకు 38, 39 మధ్యలో ఆగుతోంది. కరెంట్ వెనక్కి తిప్పితే అటువైపు కూడా 39. ఆరు సార్లు చేశాం. కడ్డీ పొడవు చాలదేమో అని బయో సవార్‌తో చూశాను, 1 మీటర్‌కి తేడా అర శాతమే వస్తోంది. చుట్టుపక్కల ఇనుము తీసేశాం. ఎక్కడ పోయిందండి ఆ 6 డిగ్రీలు?

పైప్‌బస్ | రాత్రి 9:44

తమ్ముడూ, కడ్డీ కింద నుంచి సప్లైకి తిరిగి వచ్చే వైరు ఎక్కడుంది?

పెద్దాపురం_పిల్లోడు | రాత్రి 9:49

స్టాండు వెనకాలే అన్నా. కింద నుంచి పైకి, కడ్డీకి సమాంతరంగా తీసుకొచ్చి పైన ఉన్న సప్లైకి కలిపాం. కడ్డీకి దక్షిణంగా ఒక 20 సెంటీమీటర్ల దూరం ఉంటుంది.

పైప్‌బస్ | రాత్రి 9:58

దొరికింది. ఆ వైరులోనూ 10 ఆంపియర్లే, కాకపోతే ఎదురు. దిక్సూచికి అది 25 సెంటీమీటర్ల దూరం. 8 మైక్రోటెస్లా వెనక్కి లాగుతోంది. 40 లోంచి 8 పోతే 32. 32 బై 40 కి టాన్ ఇన్వర్స్ చూడు, 38.7 డిగ్రీలు. మీ చేతులు చాలా బాగా కొలిచాయి. రేపు ఆ వైరుని గది చివరికి తోసి మళ్లీ చెయ్యండి.

చాక్‌పీసు | రాత్రి 10:10

చేసేటప్పుడు కడ్డీని ముట్టుకోకండి, 10 ఆంపియర్లకి కనెక్షన్ల దగ్గర వేడెక్కుతుంది. ఒక్కో రీడింగ్‌కి అర నిమిషం మించి కరెంట్ ఉంచొద్దు.

పెద్దాపురం_పిల్లోడు | మర్నాడు సాయంత్రం 5:20

వైరుని ఒకటిన్నర మీటర్ అవతలికి జరిపి చేశాం అండి. ఎడమకి 44, కుడికి 44. మిగిలిన ఆ 1 డిగ్రీ కూడా లెక్కేశాను, అవతలి వైరు ఇంకా 1.3 మైక్రోటెస్లా ఇస్తోంది, అది తీసేస్తే సరిగ్గా 44 రావాలి, 44నే వచ్చింది. ల్యాబ్ అసిస్టెంట్ గారు కూడా వచ్చి చూశారు. సోమవారం వర్క్‌షాప్‌లో 1 అంగుళం రాగి పైపు ఇస్తామన్నారు, కడ్డీ బదులు అది పెట్టి, 5 సెంటీమీటర్లు పైపు సెంటర్ నుంచి కొలిచి, మళ్లీ 44 వస్తుందేమో చూస్తాం. రీడింగులు ఇక్కడే పెడతాను.